చర్చి ముంగిట సంత: ఇంగ్లండ్ పారిష్ పండుగ అంగళ్ల చరిత్ర

ఇంగ్లండ్‌లో నవంబరు చివర, డిసెంబరు మొదట్లో వచ్చే శనివారాల్లో ఎన్నో పారిష్ చర్చిలు క్రిస్మస్ సంత పెడతాయి. చర్చి హాల్లో బల్లలు వేసి ఒకదాని మీద ఇంట్లో చేసిన కేకులూ జాము సీసాలూ, మరొకదాని మీద చేత్తో అల్లిన ఊలు టోపీలూ మేజోళ్లూ, ఇంకోదాని మీద పాత పుస్తకాలూ బొమ్మలూ పరుస్తారు. ఒక మూల చీట్లు తీసి బహుమతులిచ్చే ఆట నడుస్తుంది, మరో మూల టీ కాస్తుంటారు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ చాలావరకు ఆ నాలుగు వీధులవాళ్లే. ఏడాది పొడుగునా ఆరాధనకు రానివాళ్లు కూడా ఆ పూట వస్తారు. పోగైన డబ్బు చర్చి పైకప్పు మరమ్మతుకో, పేదల సహాయానికో వెళ్తుంది.

ఈ చిన్న ఏర్పాటు వెనక వెయ్యేళ్లకు దగ్గరపడుతున్న చరిత్ర ఉంది. చర్చి ముంగిట సంతను ఒకసారి రాజు నిషేధించాడు. చర్చి విందును మరోసారి న్యాయమూర్తులు ఆపబోయారు. ఆ తర్వాత పన్ను వచ్చి దాని అవసరం లేకుండా చేసింది. పన్ను రద్దయ్యే నాటికి అది కొత్త రూపంలో మళ్లీ వచ్చింది. ఈ మలుపులను వరసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది: సంతను ప్రతిసారీ డబ్బు అవసరమే పుట్టించింది, కానీ దాన్ని నిలబెట్టింది ఇరుగుపొరుగు.

సమాధుల నడుమ అంగళ్లు

మధ్యయుగపు ఇంగ్లండ్‌లో పారిష్ అంటే చర్చి భవనం మాత్రమే కాదు. ఆ చర్చికి పంటలో పదోవంతు చెల్లించే ఇళ్లూ పొలాలూ అన్నీ కలిసినది పారిష్. ఆదివారం పూజకు దూరదూరపు ఇళ్ల నుంచి కూడా జనం నడిచి వచ్చేవారు. అంతమంది ఒకచోట చేరే రోజు వారంలో మరొకటి లేదు. అందుకే అమ్ముకునేవాళ్లు సరుకు మోసుకుని అక్కడికే వచ్చారు. చర్చి చుట్టూ ఉన్న సమాధుల స్థలమే ఊరందరికీ ఉమ్మడి ఖాళీ జాగా. అక్కడే ఒప్పందాలు కుదిరేవి, అప్పులు తీరేవి, ఆటలు సాగేవి.

వారపు సంతలతో పాటు ఏడాదికోసారి జరిగే పెద్ద సంతలు పునీతుల పండుగ రోజులకు ముడిపడి ఉండేవి. తెలుగు ఊళ్లలో తిరునాళ్లకు దేవుడి దర్శనమూ అంగళ్లూ కలిసే ఉన్నట్టే అక్కడా భక్తీ బేరమూ ఒకే రోజున కలిసి సాగాయి. 1096లో రెండో విలియం రాజు వించెస్టర్ బిషప్ వాకెలిన్‌కు సెయింట్ జైల్స్ పండుగ సంత హక్కు ఇచ్చాడు. మొదట మూడు రోజులుగా ఉన్న ఆ సంత తర్వాతి కాలంలో పదహారు రోజులకు పెరిగింది. సంత సాగినన్నాళ్లూ ఊళ్లోని దుకాణాలు మూసి ఉంచాలి, సుంకం బిషప్‌కు చేరాలి. లండన్‌లో సెయింట్ బార్తలోమ్యూ మఠం స్థాపించిన రాహియర్‌కు 1133లో మొదటి హెన్రీ రాజు అలాంటి హక్కే ఇచ్చాడు. ఆగస్టు 24 చుట్టూ జరిగే ఆ సంత దేశంలోనే పేరుపడ్డ బట్టల సంత అయింది. చివరికి 1855లో ఆగిపోయేదాకా ఏడు శతాబ్దాలు నడిచింది.

ఈ కలయిక మతపెద్దలందరికీ నచ్చలేదు. 1200, 1201 సంవత్సరాల్లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన మఠాధిపతి యూస్టస్ ఊరూరా తిరిగి ఆదివారం సంతలు మానుకొమ్మని ప్రబోధించాడు. కొన్ని ఊళ్లు సంతను వేరే రోజుకు మార్చుకున్నాయి. 1285లో మొదటి ఎడ్వర్డ్ రాజు వెలువరించిన వించెస్టర్ శాసనం చివరి భాగం ఇంకో అడుగు ముందుకు వేసింది. చర్చి గౌరవం దృష్ట్యా ఇకమీదట చర్చి ఆవరణల్లో సంతలు పెట్టకూడదని శాసించింది. పెద్ద వ్యాపారం క్రమంగా ఊరి బజారు వీధికి తరలిపోయింది. చర్చికి దగ్గరగా మిగిలింది ఊరివాళ్లు తమలో తాము జరుపుకునే చిన్న ఉత్సవం. చర్చి సంత చరిత్రలో అసలైన అధ్యాయం అక్కడి నుంచే మొదలవుతుంది.

చర్చి ఏల్

నాటి చర్చి ఆచారం భవనాన్ని రెండుగా పంచింది. బలిపీఠం ఉండే తూర్పు భాగాన్ని బాగుచేయించడం పదోవంతు వసూలు చేసుకునే రెక్టర్ బాధ్యత. జనం నిలబడే పెద్ద భాగమూ, గంటలూ, ప్రహరీ గోడా ఊరివాళ్ల బాధ్యత. ఆ లెక్కలు చూడడానికి ఊరు ఏటా చర్చి వార్డెన్లను ఎన్నుకునేది. గంట పగిలినా, సీసపు రేకుల కప్పు కారినా డబ్బు వెతుక్కోవలసింది వాళ్లే. అందుకు దొరికిన మార్గాల్లో అందరికీ ఇష్టమైనది చర్చి ఏల్.

ఏల్ అంటే బార్లీ మాల్టుతో కాచే బీరు. చర్చి కోసం దాన్ని కాచి అమ్మే విందుకూ అదే పేరు స్థిరపడింది. ఊరివాళ్లు తలాకొంత మాల్టు, పిండి, మాంసం, గుడ్లు ఇచ్చేవారు. వార్డెన్లు బీరు కాయించి, రొట్టెలు కాల్పించి, పెంతెకొస్తు వంటి పండుగకు విందు ప్రకటించేవారు. తాము ఇచ్చిన ధాన్యంతోనే చేసిన తిండినీ పానీయాన్నీ ఊరివాళ్లు మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కునేవారు. లెక్క ప్రకారం చూస్తే నేరుగా చందా వేసుకున్నా సరిపోయేది. కానీ చందాలో ఆటా పాటా లేవు, పొరుగూరి అతిథులు లేరు. ఏల్‌కు చుట్టుపక్కల పారిష్‌లను పిలిచేవారు. వాళ్ల ఏల్‌కు వీళ్లు వెళ్లి ఖర్చుపెట్టి రావడం మర్యాద. రాబిన్ హుడ్ నాటకాలు, మోరిస్ నృత్యాలు, విలువిద్య పోటీలు, ఆ వేసవికి రాజునూ రాణినీ ఎన్నుకునే వేడుకలూ దానితోపాటే సాగేవి.

పదిహేనో శతాబ్దం నుంచి చాలా ఊళ్లు ఇందుకోసమే చర్చి హౌస్ అనే ప్రత్యేక భవనం కట్టుకున్నాయి. కింది అంతస్తులో బీరు కాచే పొయ్యిలూ రొట్టెల పొయ్యిలూ, పై అంతస్తులో విందు సాగే పొడవాటి గది ఉండేవి. డెవన్, సోమర్సెట్ ప్రాంతాల్లో ఇవి ఇంకా కనిపిస్తాయి. సోమర్సెట్‌లోని క్రోకుంబ్ ఊరి చర్చి హౌస్ 1515లో కట్టినది. మరికొన్ని తర్వాత మద్యశాలలుగా మారి, చర్చి హౌస్ ఇన్ అన్న పేరుతో నేటికీ నడుస్తున్నాయి.

ఈ వ్యవస్థ ఎలా పనిచేసిందో చెప్పే మంచి ఆధారం డెవన్‌లోని మోర్‌బాత్ లెక్కల పుస్తకం. 1520 నుంచి 1574 దాకా ఆ ఊరికి గురువుగా ఉన్న క్రిస్టఫర్ ట్రికీ ఆ లెక్కలు స్వయంగా రాశాడు. చరిత్రకారుడు ఈమన్ డఫీ వాటి ఆధారంగా 2001లో ఆ ఊరి కథను పుస్తకంగా తెచ్చాడు. మోర్‌బాత్‌లో ఉన్నవి ముప్పై మూడు కుటుంబాలు. అంత చిన్న ఊళ్లోనూ పెళ్లికాని యువకులకు ఒక నిధి, యువతులకు ఒక నిధి ఉండేవి. యువకుల వార్డెన్లు ఒక ఏల్, పెద్ద వార్డెన్లు మరో ఏల్ జరిపేవారు. చర్చికి చెందిన గొర్రెలను ఇంటికొకటిగా పంచుకుని మేపి, ఉన్ని అమ్మిన డబ్బు జమచేసేవారు. లెక్కలను ఊరందరికీ చదివి వినిపించేవారు. ధనికుడైనా పేదవాడైనా వంతు వచ్చినప్పుడు ఏదో ఒక బాధ్యత మోయవలసిందే. చర్చి డబ్బు సంపాదించుకునే తీరే ఊరికి పరిపాలన నేర్పింది.

నిషేధమూ సమర్థనా

పదహారో శతాబ్దపు మత సంస్కరణ ఈ అల్లికను కదిలించింది. ఆరో ఎడ్వర్డ్ పాలనలో, 1547 నుంచి 1553 వరకు, పునీతుల విగ్రహాలతో పాటు వాటి ముందు దీపాలు వెలిగించడానికి ఏర్పడిన నిధులూ పోయాయి. మోర్‌బాత్‌లో ఆ నిధులతో పాటు ఏల్‌లు కూడా ఆగి చర్చి ఖజానా అడుగంటింది. ఎలిజబెత్ రాణి కాలంలో ప్యూరిటన్ల విమర్శ పదునెక్కింది. ఫిలిప్ స్టబ్స్ 1583లో అచ్చువేసిన పుస్తకంలో చర్చి పేరుతో తాగించి డబ్బు పోగుచేయడం తప్పని తీవ్రంగా ఖండించాడు. తాగి కొట్లాటకు దిగడమూ, విశ్రాంతి దినాన్ని మీరడమూ ఆయన చూపిన దోషాలు. ఆ ఆరోపణలు ఊహించి రాసినవి కావు.

రెండో వైపు వాదన కూడా గట్టిదే. రిచర్డ్ కేర్యూ 1602లో ప్రచురించిన కార్న్‌వాల్ వర్ణనలో ఆ ప్రాంతపు ఏల్ పద్ధతిని వివరించాడు. ఏటా ఇద్దరు యువకులను ఎన్నుకుంటారు. వాళ్లు ఇంటింటా చందా పోగుచేసి పెంతెకొస్తుకు విందు సిద్ధం చేస్తారు. పొరుగు పారిష్‌లు ఒకరి విందుకు ఒకరు వెళ్లి సంతోషంగా ఖర్చుపెడతారు. మిగిలిన డబ్బుతో ఊరి ఉమ్మడి ఖర్చులు గడుస్తాయి.

ఈ వివాదం 1632లో సోమర్సెట్‌లో రాజ్యాంగ సమస్యగా మారింది. ప్రధాన న్యాయమూర్తి థామస్ రిచర్డ్‌సన్ ఏల్‌లను నిషేధిస్తూ, ఆ ఉత్తర్వును చర్చిల్లో చదవాలని ఆదేశించాడు. చర్చి వ్యవహారంలో న్యాయస్థానం చొరబడిందని ఆర్చిబిషప్ లాడ్ ఆగ్రహించాడు. 1633లో బాత్ అండ్ వెల్స్ బిషప్ విలియం పియర్స్ తన పరిధిలోని 72 మంది గురువుల అభిప్రాయాలు సేకరించి పంపాడు. వాళ్లు చెప్పిన కారణాలను గమనించాలి. చర్చి మరమ్మతుకు డబ్బు వస్తుందన్నారు. అంతకుమించి ఈ విందుల్లో పొరుగువాళ్ల తగవులు తీరుతాయనీ, స్నేహం పెరుగుతుందనీ, పేదలకు కడుపునిండా తిండి దొరుకుతుందనీ అన్నారు. సంత వల్ల ఇరుగుపొరుగు ఎలా ఏర్పడుతుందో ఇంత సూటిగా చెప్పిన పాత సాక్ష్యాలు అరుదు. అదే ఏడాది మొదటి చార్లెస్ రాజు ఆదివారం ఆరాధన తర్వాత ఆటలకూ పెంతెకొస్తు ఏల్‌లకూ అనుమతినిచ్చే ప్రకటనను మళ్లీ వెలువరించాడు. దాన్ని మొదట 1618లో ఆయన తండ్రి మొదటి జేమ్స్ జారీచేశాడు. పదేళ్లకు అంతర్యుద్ధం నడుమ, 1643లో, పార్లమెంటు ఆ ప్రకటన ప్రతులను బహిరంగంగా తగలబెట్టించింది.

రాచరికం తిరిగి వచ్చాక కూడా ఏల్‌లు చాలాచోట్ల మునుపటిలా కోలుకోలేదు. వాటి స్థానాన్ని చర్చి పన్ను ఆక్రమించింది. ఊరి సమావేశంలో రేటు తీర్మానించి, ఆస్తిని బట్టి ప్రతి ఇంటి మీదా వేసేవారు. వసూలు నిలకడగా ఉండేది. వంట, విందు, అతిథుల బెడద లేదు. అయితే ఏల్ వల్ల కలిసిన ఇళ్లే పన్ను వల్ల విడిపోవడం మొదలైంది. పంతొమ్మిదో శతాబ్దం నాటికి మెథడిస్టులు, బాప్టిస్టులు, క్వేకర్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. తాము వెళ్లని చర్చికి పన్ను కట్టడం వాళ్లకు అన్యాయంగా తోచింది. కట్టని వాళ్ల సామాన్లు జప్తు చేశారు. చెమ్స్‌ఫర్డ్‌కు చెందిన జాన్ థొరొగుడ్ 1839లో ఈ కారణంగానే జైలు పాలయ్యాడు. బ్రెయిన్‌ట్రీ పన్ను వివాదం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి, మెజారిటీ ఒప్పుకోనిదే పన్ను చెల్లదని 1853లో తీర్పు వచ్చింది. 1868లో గ్లాడ్‌స్టన్ చొరవతో వచ్చిన చట్టం బలవంతపు చర్చి పన్నును రద్దుచేసింది. మరమ్మతుల కోసం పారిష్‌లు మళ్లీ పొరుగువాళ్ల ఇష్టం మీదే ఆధారపడవలసి వచ్చింది.

స్త్రీల చేతుల్లో బజారు

అప్పటికే ఒక కొత్త నమూనా సిద్ధంగా ఉంది. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక, 1816లో జాన్ ట్రాటర్ లండన్‌లో సోహో బజారు తెరిచాడు. సైనికుల వితంతువులూ కూతుళ్లూ తమ చేతిపనులు అమ్ముకోవడానికి అక్కడ బల్లలు అద్దెకిచ్చేవారు. సేవాసంస్థలు ఆ పద్ధతిని వెంటనే అందుకున్నాయి. ఆసుపత్రులకూ అనాథ శరణాలయాలకూ మిషనరీ సంఘాలకూ బజార్లు పెట్టి డబ్బు కూర్చడం పరిపాటి అయింది. ధాన్యం దిగుమతి సుంకాలను వ్యతిరేకించిన సంఘం 1845లో కోవెంట్ గార్డెన్ నాటకశాలలో జరిపిన బజారులో 25,000 పౌండ్ల దాకా పోగైంది. ఇంత శక్తి ఉందని తెలిశాక చర్చిలూ చాపెళ్లూ దాన్ని వదులుకోలేదు.

ఈ బజార్లను నడిపినది స్త్రీలు. 1870, 1882 చట్టాలు రాకముందు వివాహిత సంపాదించినది చట్టం దృష్టిలో భర్తదే. సొంత డబ్బు లేని స్త్రీ చందా వేయాలంటే భర్తను అడగాలి. తన చేతిపని ఇవ్వడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. గుండుసూదుల దిండ్లు, కలం తుడిచే గుడ్డలు, కుట్టుపని చేసిన చెప్పులు, ఊలు శాలువలు, అద్దకపు తెరలు నెలల తరబడి ఇళ్లలో తయారయ్యేవి. వాటిని కుట్టడానికి వారానికోసారి ఒకచోట చేరడమే ఒక సంఘంగా మారింది. సరుకు ధర కట్టడం, బల్లలు కేటాయించడం, ప్రకటన రాయడం, లెక్క అప్పగించడం అన్నీ వాళ్లే నేర్చుకున్నారు. చర్చి పాలనలో గొంతు లేని కాలంలో స్త్రీలకు నిర్వహణ నేర్పిన బడి ఈ బజారు.

దీని మీదా విమర్శలు వచ్చాయి. లక్కీ చీట్లు జూదమేనని కొందరు గురువులు అభ్యంతరపెట్టారు. కానుక ఇవ్వవలసిన చోట వస్తువు కొనిపించడం దానగుణాన్ని పలచన చేస్తుందని మరికొందరు వాదించారు. అయినా నగరాల పరిస్థితి బజారు పక్షాన నిలిచింది. 1851 జనగణనలో మొదటిసారిగా పట్టణ జనాభా పల్లె జనాభాను మించింది. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, తూర్పు లండన్ వీధుల్లో పక్కపక్క ఇళ్లవాళ్లే ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కొత్తవాళ్లు. అదే ఏడాది తీసిన ఆరాధనా లెక్కలు చర్చికి రానివాళ్లు ఎంత ఎక్కువో చూపాయి. అలాంటి పేటలో ఆరాధనకు రాని మనిషినీ ఒక కప్పు టీకి, చవక దుప్పటికి రప్పించగలిగినది బజారే.

శతాబ్దం చివర్లో జంబుల్ సేల్ వ్యాప్తిలోకి వచ్చింది. ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి పాత బట్టలూ బూట్లూ గిన్నెలూ తెచ్చి కుప్పపోసి పెన్నీల లెక్కన అమ్మేవారు. ఉచితంగా పంచితే పుచ్చుకునేవాడి తల వంగుతుంది. పెన్నీ ఇచ్చి ఏరుకున్నవాడు కొనుగోలుదారుడు. కార్మికుల పేటల్లో దీనికి అంత ఆదరణ దక్కడానికి ముఖ్య కారణం ఈ గౌరవమే.

పంట పండుగ, క్రిస్మస్ సంత

పండుగల పట్టికలో కూడా అదే కాలంలో మార్పు వచ్చింది. కార్న్‌వాల్ తీరంలోని మోర్వెన్‌స్టో ఊరి గురువు రాబర్ట్ స్టీఫెన్ హాకర్ 1843 అక్టోబరులో ఊరివాళ్లను పంటకు కృతజ్ఞత చెప్పే ప్రత్యేక ఆరాధనకు పిలిచాడు. ఆ పద్ధతి ఇతర పారిష్‌లకు పాకి, గుమ్మడికాయలూ ఆపిళ్లూ గోధుమ కంకులూ చర్చి నిండా పేర్చే పంట పండుగ స్థిరపడింది. ఆరాధన అయ్యాక ఆ పంటను పేదలకు పంచడమో, వేలం వేయడమో ఆనవాయితీ అయింది.

క్రిస్మస్ సంతకు మరో మూలం జర్మన్ పట్టణాల్లో ఉంది. డ్రెస్డెన్‌లో క్రిస్మస్ ముందు ఒక్కరోజు సంతకు 1434లో అనుమతి లభించింది. న్యూరెంబర్గ్ సంత ఫ్రావెన్‌కిర్షె చర్చి ముందున్న చౌకులో పెరిగింది. ఇంగ్లండ్‌లో లింకన్ నగరం తన జర్మన్ జంట నగరం నోయిష్టాట్‌ను చూసి 1982లో ఇలాంటిది మొదలుపెట్టింది. కోటకూ కేథడ్రల్‌కూ నడుమ పదకొండు బల్లలతో మొదలైన ఆ సంతకు తర్వాతి రోజుల్లో లక్షల మంది వచ్చారు. ఆ రద్దీ ఇరుకు వీధులకు ప్రమాదమని నగర పాలక మండలి 2023లో దాన్ని నిలిపివేసింది. వించెస్టర్ కేథడ్రల్ ఆవరణలో 2006 నుంచి క్రిస్మస్ సంత జరుగుతోంది. ఇవి పర్యాటకుల సంతలు, వీటికి వాణిజ్య విలువ ఉంది. పారిష్ హాలు సంత వీటికి చిన్న తమ్ముడు కాదు, వేరే జాతి. అక్కడ బల్ల వెనక నిలబడ్డ మనిషి రేపు మళ్లీ అదే వీధిలో ఎదురవుతాడు.

తెలుగు సంఘాల్లో కోత పండుగ

ఇంగ్లండ్ పంట పండుగ మిషనరీల వెంట తెలుగు నేలకూ వచ్చింది. ఆంగ్లికన్ మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. విదేశీ డబ్బు మీద ఆధారపడకుండా పేద సంఘాలే తమ చర్చిని పోషించుకోవాలన్నది ఆయన పట్టుదల. ఆయన సంఘాల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వ్యవసాయ కూలీలు. వాళ్లకు కూలి తరచు ధాన్యంగానే ముట్టేది. కాబట్టి కానుక కూడా ధాన్యమే అయింది. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేసే అలవాటును స్త్రీలు నిలిపారు. పంట ఇంటికొచ్చే కాలంలో కోత పండుగకు ధాన్యపు మూటలు, కోళ్లు, మేకలు, గుమ్మడికాయలు, అరటిగెలలు ఆరాధనకు తెచ్చేవారు.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఈ పండుగ అందులోని తెలుగు డయాసిస్‌లన్నిటిలో కొనసాగింది. ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలోనే వేలం సాగుతుంది. ఇంగ్లండ్ సంతలో బల్ల మీద ధర రాసి ఉంటే, ఇక్కడ పాట పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. బజారు ధరకు ఎన్నో రెట్లు పలికిన కోడిని పాడుకున్న మనిషి దాన్ని తిరిగి ఇచ్చేస్తే మళ్లీ వేలానికి పెడతారు. ఒకే కోడి రెండు మూడుసార్లు సంఘానికి డబ్బు తెస్తుంది. స్త్రీల మైత్రి అనే చర్చి మహిళా సంఘం సభ్యులు పిండివంటలు చేసి అమ్ముతారు. పట్టణాల్లో స్థిరపడ్డవాళ్లు కోత పండుగకు సొంతూరి చర్చికి వచ్చి పాటలో చెయ్యెత్తడం ఆ ఊరితో తమ సంబంధాన్ని అందరి ముందూ చాటడమే.

మోర్‌బాత్ ఏల్‌కూ మాంచెస్టర్ బజారుకూ దోర్నకల్ కోత పండుగకూ నడుమ కాలంలో, దేశంలో, మతాచారంలో చాలా దూరం ఉంది. వాటిని కలిపే సూత్రం మాత్రం ఒక్కటే. ఇచ్చేవాడూ చేసేవాడూ అమ్మేవాడూ కొనేవాడూ ఆ చుట్టుపక్కలవాడే. చందా చేతి నుంచి చేతికి ఒకసారి మారి ఆగిపోతుంది. మాల్టు బీరై, ఊలు శాలువై, కోడి వేలం పాటై తిరిగినప్పుడు అదే విలువ పదిమందిని పలకరిస్తుంది. చర్చి పన్ను వసూలైన కాలంలో పైకప్పులు నిలిచాయి గాని పొరుగు చీలింది. డబ్బు అవసరం పుట్టించిన చర్చి సంత తిరిగి తిరిగి నిలదొక్కుకోవడానికి కారణం ఆ లోటే.